ఊరంతటికీ ఒకటే మచ్చు

ఇప్పటి ల్యాబు పిల్లలు అదృష్టవంతులు. ప్లాస్టిక్ డబ్బీ చేతికిచ్చి "బాత్రూము అటు" అంటే చాలు, ఎంత పెద్దమనిషైనా మారుమాట లేకుండ పోయి నింపుకొని వస్తడు. మా కాలంల ఒక మనిషి దగ్గర మూత్రం సంపాదించుడంటే పెండ్లిసంబంధం కుదిర్చినంత పని. నేను సర్కారు దవాఖానల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గ పనిచేసి రిటైరైన. నా సర్వీసుల చేసిన బేరాల్లో సగానికి సగం మూత్రం కోసమే. చెప్పుకోవడానికి ఇది అంత సొంపుగా ఉండదని నాకూ తెలుసు.

బేరం నాకు పుట్టుకతో వచ్చింది. మాది మెట్‌పల్లి, కిరాణా దుకాణం. నడక వచ్చిననాటి నుంచి గల్లా పక్కన కూసున్నోణ్ణి. బాపు నాకు నేర్పిన విద్య ఒక్కటే: "గిరాకి అలిగి లేచిపోతే వెంబడే పిలువద్దు. మొదటి మెట్టు దిగనియ్యి. రెండో మెట్టు మీద కాలు పెట్టినంక పిలువు. అప్పుడు ఆయనకూ ఎనుకకు తిరగాల్ననే ఉంటది." మా దుకాణానికి రెండే మెట్లుండె. అందుకే కట్టించిండేమో అని నాకు ఇప్పటికీ అనుమానం.

సర్కారు నౌకరి వచ్చినప్పుడు బాపు సంతోషపడ్డడు గానీ, ఏం పనో చెప్పేసరికి మా అవ్వ మొఖం ముడుచుకున్నది. ఎవరన్న అడిగితే "మావోడు సీసాల పని చేస్తడు" అనేది. వినెటోళ్లు సారా దుకాణం అనుకునేటోళ్లు. అదే నయమన్నట్టు అవ్వ ఊకుండేది.

మొదట చెన్నూరు దిక్కు పోస్టింగు. అక్కడ మలేరియా జ్వరాలు. వేలు గుచ్చి చుక్క రక్తం తీస్తే జనం పెద్దగ పేచీ పెట్టలే. ఆ ధైర్యంతోనే ఎనభైల్లో జమ్మికుంట దగ్గరి ఒక చిన్న దవాఖానకు బదిలీ మీద వచ్చిన.

దవాఖాన కింద ఒక పత్తి ఊరు ఉండె. ఆ ఊరి మగోళ్లకు నడివయసు రాంగనే పొద్దున లేచేసరికి మొఖం ఉబ్బేది, సాయంత్రానికి కాళ్లు ఉబ్బేవి. తర్వాత అన్నం సయించకపోయేది. ఒకరెనుక ఒకరు పోతుండిరి. షుగరా అంటే కాదు, బీపీనా అంటే అంతకుముందు ఎన్నడూ లేదు. "మా నీళ్ల గుణం" అని కొందరు, "మా మీద ఎవలో చేసిండ్రు" అని కొందరు అంటుండిరి.

మా దవాఖానకు కొత్తగ ఒక డాక్టరమ్మ వచ్చింది. మాట తక్కువ, పట్టు ఎక్కువ. "వాళ్లు మంచాన పడ్డాక మన దగ్గరికి వస్తున్నారు. బాగున్నప్పుడే మూత్రం పరీక్ష చేస్తే, ఎవరికి మొదలవుతున్నదో ముందే తెలుస్తది. ఊరందరి మూత్రం కావాలె" అన్నది.

పక్కన గోలీలు లెక్కపెడుతున్న కంపౌండరు నా దిక్కు చూసి ముసిముసిగ నవ్విండు. మనిషి మంచోడే, నోరే మంచిది కాదు. "పో సేటూ. జిందగీల చెయ్యని వ్యాపారం దొరికింది నీకు" అన్నడు.

సీసాలు నేనే కూడగట్టిన. జమ్మికుంట మందుల దుకాణాలన్నీ తిరిగి, దగ్గుమందు సీసాలు ఖాళీవి బతిమాలి తెచ్చిన. వేడి నీళ్లల్ల కడిగి ఎండబెట్టిన. సంచి భుజాన వేసుకొని ఊర్లెకు పోయిన. మాట పూర్తి కాకముందే ఒక ముసలమ్మ చీపురు పట్టుకొని లేచింది.

"మా మూత్రం నీకెందుకురా? తీస్కపోయి బాణామతి చేపిస్తవా?"

"అవ్వా, నేను సర్కారు మనిషిని."

"గదే! సర్కారుకు మా మూత్రం మీద గూడ కన్నువడ్డదా?"

బలం గోలీలు ఇస్తనన్న. గోలీలు తీసుకున్నరు, సీసాలు ఖాళీగనే వాపసు ఇచ్చిండ్రు. ఎనుకటి సర్పంచి ఒక ముసలాయన ఉండె. ఆయన నన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పిండు. "సూడు సారూ, నీ సీసాల ఏమన్న తేడా ఎల్లిందనుకో. గా ఊర్ల అందరికి రోగమున్నదంట అని మాట ఎల్తది. మాకు పిల్లనెవడిస్తడు? మా పిల్లను ఎవడు జేసుకుంటడు?"

నేను ఊకునే రకం కాదు. మరునాడు ఆ ఊరి చాయ హోటలు కాడ, పది మందీ ఉన్నప్పుడు, నా దుకాణం తెరిచిన.

"మీరు జమ్మికుంటకు పత్తి తీస్కపోతరు గదా? మార్కెట్ యార్డుల బస్తాలన్నీ కుమ్మరిస్తరా? ముందుగాల పిడికెడు మచ్చు చూపిస్తరు. ఖరీద్దారు గా పిడికెడు చూసి లోపలి సరుకు అందాజ చేస్తడు. గిదీ గంతే. పట్నంల పెద్ద డాక్టర్లు మీ ఊరి దాక రావాల్నంటే వాళ్లకు మీ ఊరి మచ్చు చూపియ్యాలె."

వాళ్లకు మొదటిసారి నేను అర్థమయ్యే మాట చెప్పిన. ముసలి సర్పంచి సాసర్ల చాయ పోసుకొని ఊదుకుంట అడిగిండు.

"అయితె సారూ, మచ్చును బట్టే ఊరి పేరు అన్నట్టు."

"మరి!" అన్న నేను, సీసాల సంచి ఆయన ముందర పెట్టి.

ఆ "మరి" అన్నప్పుడే నాకు తట్టాల్సింది. జమ్మికుంటకు పత్తి తెచ్చే రైతు మచ్చు ఎట్ల తీస్తడో నాకు తెల్వదా? ఇంటి కాడ కూసుండి, బస్తాలన్నిట్ల నుంచి తెల్లగ మల్లెపువ్వు లెక్కున్న దూది ఏరి మీద పెడతడు. అందుకే ఖరీద్దారు కూడ మీద పిడికెడును నమ్మడు, మోచేతి దాక చెయ్యి దూర్చి అడుగు నుంచి తీస్తడు. ఆ సంగతి తెలిసి కూడ నేను మీది పిడికెడు చూసి మురిసిపోయిన.

ఎట్ల మురవకుందును? మరునాడు పొద్దుగాల పోయేసరికి బడి అరుగు మీద సీసాలు వరుసగ పెట్టి ఉండె. ఒక్కటి తక్కువ లేదు. మంచాన ఉన్నోళ్లది ఉన్నది, కొత్త కోడండ్లది ఉన్నది, చీపురు పట్టిన ముసలమ్మది కూడ ఉన్నది. మీద అంటిచ్చిన కాగితాల మీద పేర్లు. దవాఖానకు వచ్చి సంచి దించంగనే కంపౌండరు నోరు తెరిచిండు. "సేటూ, నువ్వు మనిషివి కాదు" అన్నడు. నేను కాలర్ సర్దుకున్న.

పరీక్ష చిన్నదే. గాజు గొట్టంల మూత్రం పోసి, మీది భాగం స్పిరిట్ దీపం మీద కాచాలె. తెల్లగ మబ్బు పడితే రెండు చుక్కలు ఆసిడ్ వెయ్యాలె. అప్పటికీ మబ్బు పోలేదంటే అల్బుమిన్ పోతున్నట్టు, అంటే కిడ్నీ జల్లెడకు చిల్లు పడ్డట్టు. మబ్బు ఎంత చిక్కగుంటే అన్ని ప్లస్‌లు వేస్తం. నాలుగు ప్లస్‌లంటే ఆఖరు.

మొదటి సీసా కాచిన. చిక్కటి మబ్బు, మూడు ప్లస్‌లు. పాపం ఎవరో అనుకున్న. రెండోది మూడు ప్లస్‌లు. మూడోదీ అంతే. చీపురు ముసలమ్మా మూడే, కొత్త కోడలూ మూడే. ఆసిడ్ పాడైందేమో అని నా మూత్రం కాచి చూసిన. అద్దంలెక్క ఉన్నది. కంపౌండరును బతిమాలి ఆయనది కాచిన. అదీ అద్దమే. మళ్లీ ఊరి సీసా పెడితే మళ్లీ మూడు.

డాక్టరమ్మ వచ్చి గొట్టాల వరుస చూసి కుర్చీల కూలబడ్డది. "ఊరు ఊరంతా పోతున్నదా?" అన్నది. ఆ దినమే పట్నం పెద్ద డాక్టరుకు కబురు పోయింది.

నేను మాత్రం ఇంటికి పోయి తెల్ల బుష్‌షర్ట్ ఇస్త్రీ చేసి పెట్టుకున్న. పేపరోళ్లు వస్తే ఫోటో దిగాలె గదా. కిరాణా దుకాణంల పెరిగినోణ్ణి. ఒకే డబ్బాల నూనె పది సీసాల్ల పోస్తే ఎట్లుంటదో, రంగు చూసి, వాసన చూసి చెప్పగలిగినోణ్ణి. ఆ సీసాలన్నిటిదీ ఒకటే రంగని నా కండ్లకు కనబడలే. ఇస్త్రీ మీద ధ్యాసుంటే ఇంకేం కనబడుతది?

పెద్ద డాక్టరు జీపుల వచ్చిండు. వెంబడి ఇద్దరు, పెట్టెలు, పరికరాలు. ఊరంతా బడి కాడ కూడింది, డాక్టరమ్మ, కంపౌండరు కూడ వచ్చిండ్రు. పెద్ద డాక్టరు పద్ధతిగల మనిషి. "పాత శాంపిళ్లు వద్దు. నా ముందర తాజాగా ఇవ్వండి. ఒక్కొక్కరు రండి" అన్నడు.

ఒక్కరు కదలలే. ఒకరి మొఖం ఒకరు చూసుకుంటున్నరు. ఆఖరికి ముసలి సర్పంచి లేచి చేతులు కట్టుకున్నడు.

"ఇయ్యాల కాదు సారూ. ఎల్లుండి రాండ్రి."

"ఎందుకు?"

"ఆయన ఊర్ల లేడు. చుట్టాలింటికి లగ్గానికి పోయిండు."

"ఎవరు?"

"ఇచ్చెటాయన."

పెద్ద డాక్టరు కండ్లద్దాలు తీసిండు. "ఏం ఇచ్చేటాయన?"

ముసలాయన నా చేతిల సీసా దిక్కు ఒకసారి చూసి, తల వంచుకున్నడు. ఎనుక నుంచి చీపురు ముసలమ్మ అందుకున్నది. "మంచి సరుకు ఉన్నంక చెడ్డది ఎందుకు జూపెడ్తం సారూ? మచ్చు అని మీరే అంటిరి గద! ఊర్లెల్ల బలమైనోనిదే ఇచ్చినం. మాది ఇస్తె ఊరి పేరు ఏంగావాలె?"

సంగతి మెల్లమెల్లగ బయటపడ్డది. ఊర్ల ఒక పైల్వాన్ ఉన్నడు. నిండు పత్తి బస్తాను ఒక్కడే ఎత్తి బండిల వేస్తడు. ఇంతవరకు మంచం పట్టి ఎరుగడు. ఆయనను ఊరి మచ్చుగ ఎన్నుకున్నరు. కడువెడు మజ్జిగ తాగించి కూసుండవెట్టిండ్రు. సీసాలు నింపే బాధ్యత ఆయన భార్య తీసుకున్నది, సీసాకు ఒక కోడిగుడ్డు చొప్పున. బతుకుదెరువుకు బొంబాయి పోయినోని ఇంటోళ్లు కూడ, మా పేరు ఎందుకు పోవాలె అని, ఒక గుడ్డు ఇచ్చి ఆయన పేరు మీద ఒక సీసా నింపించిండ్రట.

నాకు కోపం రాలే. కడుపు మండింది, అది వేరే. నేను చెప్పులరిగేటట్టు తిరిగి బతిమాలి బలం గోలీలు పంచుతుంటే, నా కండ్ల ముందరనే ఆమె అదే సరుకు మీద అంత చక్కటి వ్యాపారం నడిపింది. బాపు ఉంటే ఆమెకే గల్లా అప్పజెప్పేటోడు.

పెద్ద డాక్టరు కండ్లద్దాలు పెట్టుకొని జీపెక్కిండు. దుమ్ము సర్దుకున్నంక కంపౌండరు అరుగు మీద పడి కడుపు పట్టుకొని నవ్విండు. నాకూ నవ్వు ఆగలే. ముసలి సర్పంచి కూడ తలపాగ మొఖానికి అడ్డం పెట్టుకున్నడు.

డాక్టరమ్మ నవ్వలే. "అన్నీ ఆయనవే అయితే" అన్నది నిమ్మళంగ, "అన్ని మూడు ప్లస్‌లు కూడా ఆయనవే. అంత మజ్జిగ తాగి పల్చబడ్డంక కూడా."

కంపౌండరు నవ్వు సగంల ఆగిపోయింది. ఊర్ల ఎవరికి మొదలైందో ముందే తెలుసుకోవాల్నని కదా తిరిగింది. తెలిసింది. నా సర్వీసుల ఒక మనిషి గురించి అన్నిసార్లు, అంత తప్పకుంట, ఒకటే మాట చెప్పిన పరీక్ష ఇంకొకటి లేదు.

ఆయనను వరంగల్ పెద్ద దవాఖానకు తీస్కపోవాలె. ఒప్పించే పని నాకు పడ్డది. లగ్గం నుంచి వచ్చిన దినమే ఆయన వాకిట్లకు పోయిన. సంగతి విని పైల్వాన్ పకపక నవ్విండు.

"నాకు రోగమా? సారూ, జర గట్టిగ వట్టుకో" అని, నన్ను కూసున్న కుర్చీతో సహా పైకి లేపిండు. నేను గాలిల ఉండుకుంటనే వైద్యశాస్త్రం చెప్పిన. లాభం లేకపోయింది. కిందికి దించినంక సంచిల నుంచి దీపం తీసిన. రెండు గొట్టాలు, ఒకదాంట్ల నాది, ఒకదాంట్ల ఆయనది. ఆయన భార్య ముందరనే కాచిన. నాది మారలే. ఆయనది తెల్లగ ముద్దకట్టింది.

ఆమె వంగి చూసింది. "గిదేంది, గుడ్డు తెల్లసొన ఉడికినట్టున్నది?"

"గదే అక్కా. మనిషి ఒంట్లె ఉండాల్సిన సత్తువ గిట్ల బయటికి పోతున్నది."

పైల్వాన్ తొడ చరిచిండు. "ఓసి దీన్ని! సీసాకో గుడ్డు వచ్చె గదనే? అన్నీ నాకే తినవెడితివి. గుడ్లు తింటె గుడ్లు గాక బుడంకాయలు ఎల్తయా? దీనికి వరంగల్ ఎందుకు?"

అల్బుమిన్ అంటే తెల్లసొనే అని మా పుస్తకంలనే ఉండె. అయితే మొదటి గుడ్డు ఆయన తినకముందే సీసాలు నిండినయని నాకు ఆ క్షణాన తట్టలే. గెలిచినోని లెక్క ఆయన మీసం దువ్వుకుంటుంటే, నేను బేరానికి దిగిన.

"సరే బావా. ఒక వారం గుడ్లు బంద్ చెయ్యి. అప్పుడు కూడ గిట్లనే వస్తే వరంగల్ వస్తవా?"

"వస్త."

"బస్తాలెత్తినంక వేసుకునే నొప్పుల గోలీలు గూడ బంద్. డాక్టరమ్మ చెప్పింది."

గుడ్లకు ఒప్పుకున్న మనిషి గోలీలకు ఒప్పుకోలే. "గవి లేకుంటె పొద్దున నడుము లేవది సారూ. దుకాణంల పిప్పరమెంట్ల లెక్క అమ్ముతరు, గవి ఏం జేస్తయ్?" అన్నడు. పిప్పరమెంట్ల సీసా పక్కనే ఆ గోలీల సీసా మా దుకాణంల కూడ ఉండె. నేను గొట్టం తుడుచుకుంట కూసున్న. ఆయన భార్యే "బంద్ అంటె బంద్" అన్నది. బేరం కుదిరింది.

వారం తిరిగినంక మొదటి బస్సుకు ఆమె ఒక్కతే వచ్చింది. చేతిల సంచి. అందుల నుంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. "గుడ్డు ముట్టలే. నేనే కావలున్న" అన్నది. దీపం ముట్టిచ్చిన. ఇద్దరం గొట్టం దిక్కు చూసుకుంట నిలబడ్డం.

మబ్బు పడ్డది. ఆసిడ్ వేసిన. పోలే.

"ఎన్ని?" అన్నది.

"మూడు, అక్కా."

"ఎన్నింట్ల మూడు?"

"నాలుగింట్ల."

ఆమె కొంగుతోటి మొఖం తుడుచుకున్నది. తర్వాత గొంతు తగ్గించి, మా దుకాణం కాడ ఎన్ని వేలసార్లు విన్ననో, అదే తీరుగ అడిగింది. "రెండు చెయ్యరాదు తమ్మీ?"

నేను దీపం ఆర్పిన.

"ఉత్తగ అడుగుతలేను." సంచి మూతి తెరిచింది. లోపల నుంచి కోడి తల బయటపెట్టి నన్ను ఒక కంట చూసింది. "రెండు అని జెప్పు. ఆయన ఇంటి కాడ ఎదురుచూస్తుండు."

పప్పు ధర తగ్గించిన, బెల్లం ధర తగ్గించిన. జీవితంల తగ్గించుడు చేతకాదని నేను అన్నది అదే మొదటిసారి. "అక్కా, గిది నా చేతుల లేదు" అన్న.

ఆమె సంచి మూతి కట్టింది. సీసా తీసుకున్నది. మా దవాఖాన ముందర కూడ మెట్లే. మొదటి మెట్టు దిగింది. రెండో మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. ఎనుకకు తిరగలే, ఆగింది అంతే. పిలుపు కోసం ఆగిన గిరాకి వీపు ఎట్లుంటదో నాకు తెలుసు. తగ్గించడానికి నా దగ్గర ఏమీ లేదు. అయినా పిలిచిన.

"అక్కా! రేపు ఆయనను తీస్కరా. వరంగల్‌కు నేను గూడ వస్త."

మరునాడు ఆయన వచ్చిండు. మాట మీద నిలబడ్డ మనిషి. కానీ ఒక్కడే రాలే. ఎనుక ఊరు ఉన్నది. ముందర ముసలి సర్పంచి, చేతిల సీసా. ఎవరి సీసా వాళ్ల చేతిల. ఎవరన్న పొదల చాటుకు పోతే వెంబడి ఇంకొకరు పోయి కావలి ఉన్నరు, అదలాబదలా కాకుంట. చీపురు ముసలమ్మకు ఆ కావలి పని అప్పజెప్పిండ్రు.

"ఏంది తాతా, ఊరి పేరు పోదా?" అన్న నేను.

"పేరు సంగతి తర్వాత సారూ" అన్నడు. "ఏరి ఏరి పెట్టిన మచ్చే గిట్లుంటె, అడుగున సరుకు ఎట్లున్నదో సూడు. మోచేతి దాక చెయ్యివెట్టి సూడు."

చూసిన. కొన్ని అద్దాల లెక్క ఉండె. కొన్ని మబ్బు పడ్డయ్. మబ్బు పడ్డోళ్లను డాక్టరమ్మ పేరు పేరున పిలిచి కూసుండవెట్టి మాట్లాడింది. పెద్ద డాక్టరుకు మళ్లీ కబురు పంపితే, మంచోడు, మళ్లీ వచ్చిండు. ఈసారి నా బుష్‌షర్ట్‌కు ఇస్త్రీ లేదు.

ఎందుకు వస్తున్నదో మాత్రం అప్పుడు ఎవరూ చెప్పలేకపోయిండ్రు. బోరునీళ్లా, పత్తికి కొట్టే మందులా, ఎండకు ఒంట్లె నీళ్లు ఇంకిపోవుడా, నొప్పుల గోలీలా, అన్నీ కలిసేనా? ఇప్పుడు దానికి పెద్ద పేరు పెట్టిండ్రని పేపర్ల చదివిన. ఆ పేరులనే "కారణం తెలియని" అని ఉన్నది. తెల్వదన్న మాటనే పేరు చేసిండ్రు. నాకు అది నిజాయితీగల వ్యాపారం అనిపించింది. ల్యాబుల పనిచేసే పిల్లలు ఒకటి యాది పెట్టుకోండ్రి, నేను కాచిన ఆ గొట్టం ఈ రోగాన్ని చాలామందిల మొదట్ల పట్టనే పట్టదట. రక్తం కూడ చూడాలె. గొట్టం అద్దంలెక్క ఉన్నదని ఎవరికీ మీసం దువ్వుకునే ధైర్యం ఇయ్యకుండ్రి.

వరంగల్‌ల డాక్టర్లు పైల్వాన్‌కు ఉప్పు తగ్గించిండ్రు, గోలీలు బంద్ చేసిండ్రు, బస్తాలు ఎత్తొద్దన్నరు. బస్తాల మాట ఒక్కటే ఆయన మనసుకు తగిలింది. ఆయన పూర్తిగ బాగుపడ్డడని చెప్పను. కొన్నేండ్లు మంచిగనే తిరిగిండు, ఆఖరికి ఆ రోగంతోనే పోయిండు. కానీ ఊర్ల ముందు పోయినోళ్ల కన్న ఎక్కువ కాలం ఉన్నడు. ఆ ఏండ్లల్ల తప్పకుంట ఆయన సీసా తెచ్చింది ఆయన భార్యనే. సీసాతోపాటు సంచిల కోడి. ప్రతిసారి "తగ్గించరాదు తమ్మీ" అనేది. ప్రతిసారి నేను కాదనేటోణ్ణి. కోడి వాపసు పోయేది. ఆ కోడికి మా దవాఖాన తొవ్వ పాఠం వచ్చి ఉంటది.

ఆయన ఉన్న ఆ ఏండ్లల్లనే ఒకనాడు అట్లనే వచ్చింది. దీపం ముట్టిచ్చి కాచిన. మబ్బు పడ్డది, కానీ పల్చగ. ఆసిడ్ వేసి, ఎనుక నల్ల కాగితం పెట్టి చూసిన. మళ్లీ చూసిన.

"ఒకటే అక్కా. ఒక్క ప్లస్."

ఆమె మొఖం వెలిగిపోతదనుకున్న. కండ్లు చిన్నగ చేసి నన్ను చూసింది.

"నిజం జెప్పు తమ్మీ. దుకాణపోళ్ల పిల్లగానివి. నా మొఖం జూసి తగ్గిచ్చినవ్."

"లేదక్కా, ఒట్టు. అసలు రేటే అది."

"మళ్ల కాసు."

మళ్లీ కాచిన. కంపౌండరును పిలిపించి ఆయనకు చూపించమన్నది. ఆయన కూడ ఒకటే అన్నడు. నమ్మకం కుదరక డాక్టరమ్మను అడిగింది. డాక్టరమ్మ గొట్టం చూసి నవ్వుకుంట ఒక వేలు చూపించింది. ఆమె ఒంట్లె నుంచి పెద్ద ఊపిరి బయటికి వచ్చింది.

కోడి సంచిల కదిలింది. అన్నేండ్ల తర్వాత ఆ కోడి నాకు వచ్చే దినం వచ్చిందనే అనుకున్న. నేను చెయ్యి కూడ కొద్దిగ ముందుకు చాపిన, కాదంటే అబద్ధమైతది.

ఆమె సంచి మూతి గట్టిగ బిగించి కట్టింది.

"అయితె నువ్వు తగ్గియ్యలేదన్నట్టు."

"లేదక్కా."

"మరి కోడి ఎందుకియ్యాలె?" అన్నది. సంచి చంకల పెట్టుకొని మొదటి మెట్టు దిగింది. రెండో మెట్టు మీద కాలు పెట్టంగనే నేను పిలిచిన. ఆమె ఆగలే.